చెల్లెలి జబ్బుకు తప్పు పేరు, అక్క కట్టించిన ఆసుపత్రి: డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి జీవితం

మిన్నీ బే (అండమాన్ నికోబార్ దీవులు), జూలై 30: ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నగరంలోని ఈ తీరం నుంచి చెన్నపట్నం చేరాలంటే 1,300 కిలోమీటర్లకు పైగా సముద్రం దాటాలి. ఓడలో వెళితే రెండున్నర రోజులు, సముద్రం సహకరించకపోతే మూడు రోజులు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చి ఈ దీవుల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ ప్రయాణం కొత్త కాదు. పెళ్లికీ చావుకీ వెళ్లినట్టే పెద్ద జబ్బు చేసినా ఓడో విమానమో ఎక్కి చెన్నైకో విశాఖకో కోల్‌కతాకో వెళ్లడం ఇక్కడివారికి పరిపాటి. రొమ్ములో గడ్డ తగిలిన స్త్రీ అలా బయలుదేరినప్పుడు ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో కొన్ని కాగితాలు ఉంటాయి. అవతలి ఒడ్డున ఉన్న వైద్యుడు రోగికంటె ముందు ఆ కాగితాలనే చూస్తాడు. అందులో జబ్బు పేరు ఏమని రాసి ఉన్నదన్న దానిపై తరువాతి కథ చాలావరకు ఆధారపడుతుంది.

అవతలి ఒడ్డున, చెన్నైలోని అడయారులో, ఏడు దశాబ్దాలకు పైగా క్యాన్సర్ రోగులను చేర్చుకుంటున్న ఆసుపత్రి ఒకటి ఉన్నది. దానిని నెలకొల్పిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి జన్మించినది 1886 జూలై 30న. తమిళనాడు ప్రభుత్వం ఈ తేదీని ఆసుపత్రుల దినంగా పాటిస్తున్నది. దేవదాసీ విధానాన్ని రూపుమాపడానికి పోరాడిన శాసనసభ్యురాలిగా ఆమె పేరు పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. ఆమెను క్యాన్సర్ వైపు నడిపించిన దుఃఖం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆ దుఃఖానికి మూలం ఒక తప్పుడు రోగనిర్ధారణ.

పుదుక్కోట సంస్థానంలో ఆమె జననమే ఆనాటి సమాజపు లెక్కలకు అందనిది. తండ్రి నారాయణస్వామి అయ్యర్ మహారాజా కళాశాలలో ప్రధానాచార్యులు, బ్రాహ్మణుడు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబానికి చెందినది. ఆ వివాహం కారణంగా తండ్రివైపు బంధువులు ఆయనను దూరం పెట్టారు. ఆ ఇంట పుట్టిన ఆడపిల్లను ఏ కులం పేరుతో పిలవాలో, ఏ వరుసలో కూర్చోబెట్టాలో ఊరికి తెలియలేదు. తెలియని దానికి లోకం ఏదో ఒక పేరు తగిలిస్తుంది, అది సాధారణంగా చిన్నచూపు చూసే పేరే అవుతుంది. తండ్రి మాత్రం కూతురికి చదువు చెప్పించాలని పట్టుపట్టారు. కొంత బడిలోను, ఆ తరువాత ఇంటివద్దను చదివి 1902లో ఆమె మెట్రిక్యులేషన్ పూర్తిచేసింది.

పై చదువుకు మహారాజా కళాశాలలో దరఖాస్తు పెట్టినప్పుడు వచ్చిన వ్యతిరేకత రెండు రకాలు. మగపిల్లల కళాశాలలో ఆడపిల్ల ఏమిటన్నది ఒకటి. ఆమె తల్లి పుట్టుకను ఎత్తిచూపడం రెండవది. విషయం రాజు మార్తాండ భైరవ తొండైమాన్ వరకు వెళ్లింది. ఆయన ఆమెను చేర్చుకొమ్మని ఆదేశించి, విద్యార్థి వేతనం కూడా ఇప్పించారు. ఆ ఒక్క ఉత్తర్వు లేకపోతే తరువాతి చరిత్ర ఇంకోలా ఉండేది.

1907లో మద్రాసు వైద్య కళాశాలలో చేరి 1912లో పతకాలతో పట్టం పుచ్చుకున్నది. మద్రాసులోని ప్రభుత్వ స్త్రీ శిశు వైద్యశాలలో హౌస్ సర్జన్‌గా నియమితురాలైన మొదటి మహిళ ఆమెయే. 1914లో డాక్టర్ సుందర రెడ్డితో వివాహమైంది. ఆయన శస్త్రవైద్యుడు. తనను సమానురాలిగా గౌరవించాలని, తన పనికి అడ్డు రాకూడదని ఆమె ముందుగానే షరతు పెట్టినట్టు, ఆయన అంగీకరించినట్టు ప్రసిద్ధం. 1872 నాటి వివాహ చట్టం కింద, పురోహితుడు లేకుండా జరిగిన పెళ్లి అది. పేరు చివరి రెడ్డి అలా వచ్చినదే.

వైద్యవృత్తిలో స్థిరపడి, ఇద్దరు కొడుకులను పెంచుకుంటున్న ఆ సంవత్సరాల్లోనే, 1920ల ఆరంభంలో, చెల్లెలు సుందరాంబాళ్ జబ్బుపడింది. రక్తం, జిగట పడుతున్నాయి. జిగట విరేచనాలని నిర్ధారించి దానికే చికిత్స చేస్తూ వచ్చారు. నిజానికి అది మలాశయ క్యాన్సర్. అసలు జబ్బు బయటపడేసరికి చేయగలిగినది ఏమీ మిగలలేదు. వైద్యురాలైన అక్క చూస్తుండగానే చెల్లెలు బాధపడి బాధపడి కన్నుమూసింది.

ఆ పొరపాటును ఇవాళ నిలబడి తప్పుపట్టడం తేలిక. ఆనాటి మద్రాసులో జిగట విరేచనాలు ఇంటింటి జబ్బు. రక్తమూ జిగటా కనిపిస్తే వైద్యుడి చేయి ముందుగా అలవాటైన పేరునే రాస్తుంది. రెండు జబ్బుల తొలి లక్షణాలు నిజంగానే ఒకలా ఉంటాయి. తేడా తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు, వేలితో చేసే పరీక్షలోనే మలాశయంలోని కణితులు చాలా సందర్భాల్లో చేతికి తగులుతాయి. అయితే ఆ కాలపు స్త్రీలు అటువంటి పరీక్షకు ఒప్పుకోవడమే అరుదు, అడగడానికి వైద్యులకూ సంకోచం. ఇంతకంటె ప్రమాదకరమైనది మరొకటి ఉన్నది. ఒకసారి కాగితంపై జబ్బు పేరు పడిందంటే, తరువాత వచ్చిన వైద్యుడు సాధారణంగా ఆ పేరు దగ్గర నుంచే ఆలోచించడం మొదలుపెడతాడు. మందు పనిచేయకపోతే మందు మారుస్తాడు గాని పేరు మార్చడు. తప్పుడు పేరు రోగికి తోడుగా వైద్యుడి నుంచి వైద్యుడికి ప్రయాణం చేస్తుంది. క్యాన్సర్ విషయంలో ఈ ప్రయాణానికి పట్టే ప్రతి వారమూ కణితికి లాభమే.

ముత్తులక్ష్మి రెడ్డి మనసులో క్యాన్సర్ ఆసుపత్రి ఆలోచనకు బీజం అక్కడ పడింది. మొక్కగా లేవడానికి మాత్రం ముప్పై ఏళ్లు పట్టింది. ఆ ముప్పై ఏళ్లలో ఆమె చేసిన పనులు ఒక్కొక్కటీ ఒక్కో జీవితానికి సరిపోయేవి.

1925లో ప్రభుత్వ వేతనంపై లండన్ వెళ్లి చెల్సీలోని స్త్రీల ఆసుపత్రిలో ఉన్నత శిక్షణ పొందింది. మరుసటి ఏడు పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ మహిళా సభలో భారతదేశం తరఫున పాల్గొన్నది. తిరిగి వచ్చీ రాగానే మద్రాసు శాసనమండలికి నామినేట్ అయింది, 1927లో ఏకగ్రీవంగా ఉపాధ్యక్షురాలైంది. అదే ఏడాది ఆలయాలకు ఆడపిల్లలను అంకితం చేసే ఆచారాన్ని నిలిపివేయాలన్న తీర్మానం తెచ్చింది. 1929లో హిందూ దేవాదాయ చట్టానికి జరిగిన సవరణ ఆలయ సేవకూ మాన్యానికీ ఉన్న ముడిని విడదీసింది. అంకితమివ్వడాన్నే నేరంగా ప్రకటించిన చట్టం 1947లో వచ్చింది. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల కళావంతుల కుటుంబాలకూ ఈ చట్టాలు వర్తించాయి.

ఆ పోరాటానికి మరో వైపు కూడా ఉన్నది. తెలుగు పాఠకులకు ముద్దుపళని కావ్య పునర్ముద్రణ ద్వారా చిరపరిచితురాలైన బెంగుళూరు నాగరత్నమ్మ ఆ బిల్లును గట్టిగా వ్యతిరేకించినవారిలో ఒకరు. తమ కళనూ ఆస్తినీ గౌరవాన్నీ ఒక్క దుష్టనామం కింద జమకట్టవద్దని దేవదాసీల సంఘం వాదించింది. ఆ వాదనలో బలం లేకపోలేదు. ముత్తులక్ష్మి రెడ్డి దృష్టిలో మాత్రం తన తల్లి పుట్టిన ఇంటి ఆడపిల్లకు పుట్టుకతోనే రాసిపెట్టిన గతిని చెరపడమే ముఖ్యం. గాంధీజీ అరెస్టుకు నిరసనగా 1930లో ఆమె మండలి సభ్యత్వాన్ని వదులుకున్నది. ఆ విధానం నుంచి బయటపడిన బాలికలకు ఆశ్రయంగా అవ్వై ఇల్లం అదే రోజుల్లో మొదలైంది.

క్యాన్సర్ సంగతి ఆమె మరువలేదు. 1935లో మద్రాసు వైద్య కళాశాల శతవార్షికోత్సవ వేదికపై, ఈ వ్యాధికి ప్రత్యేక ఆసుపత్రి కావాలన్న కోరికను బహిరంగంగా చెప్పింది. స్పందన అంతంత మాత్రం. క్షయ, మశూచి, కలరా, ప్రసూతి మరణాలు ముంచెత్తుతున్న దేశంలో, వచ్చినవారు ఎలాగూ దక్కరని అందరూ నమ్మే వ్యాధికి ఆసుపత్రి ఎందుకన్నది ప్రభుత్వ పెద్దల ధోరణి. స్వాతంత్య్రం వచ్చాక కూడా ఆ ధోరణి వెంటనే మారలేదు. దక్కనిది ఆ వ్యాధి స్వభావం వల్లనా, ఆలస్యంగా గుర్తించడం వల్లనా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగల లెక్కలు ఎవరి దగ్గరా లేవు. ఎంతమందికి వచ్చింది, ఏ దశలో వచ్చారు, అయిదేళ్ల తరువాత ఎందరు బతికి ఉన్నారు అన్నవి ఒక క్రమంలో రాసిపెట్టిన చోటు మద్రాసులో అప్పటికి లేదు. రాయనిది లేనట్టే లెక్క. లేని వ్యాధికి ఏ ప్రభుత్వం పడకలు కేటాయిస్తుంది?

1949లో భారత మహిళా సంఘం ఆధ్వర్యంలో క్యాన్సర్ సహాయ నిధి ఏర్పడింది. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేయడం ఆమెకు కొత్త కాదు, అవ్వై ఇల్లం అలాగే నిలబడింది. కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి క్యాన్సర్ చికిత్సలో విదేశాల్లో శిక్షణ పొంది వచ్చి తల్లి పక్కన నిలిచారు. 1952 అక్టోబరులో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ అడయారులో శంకుస్థాపన చేశారు. 1954 జూన్ 18న పన్నెండు పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తలుపులు తెరుచుకున్నాయి. తరువాత ఆ సంస్థకు వెన్నెముకగా మారిన డాక్టర్ వి. శాంత ప్రభుత్వోద్యోగం అవకాశాన్ని కాదనుకొని ఆ తొలినాళ్లలోనే వచ్చి చేరారు. 1957లో కెనడా నుంచి కోబాల్ట్ రేడియేషన్ యంత్రం వచ్చింది. 1956లో ముత్తులక్ష్మి రెడ్డికి పద్మభూషణ్ లభించింది. 1968 జూలై 22న, మరో ఎనిమిది రోజులకు 82 ఏళ్లు నిండుతాయనగా, ఆమె కన్నుమూసింది.

ఆమె పోయిన పదమూడేళ్లకు, 1981 డిసెంబరులో, భారత వైద్య పరిశోధన మండలి జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం ప్రారంభించింది. బొంబాయి, బెంగుళూరు నగరాలతోపాటు మద్రాసు జనాభా మొత్తానికీ క్యాన్సర్ లెక్క తీయాలని నిశ్చయించారు. ఆ బాధ్యత అడయారు సంస్థకు వచ్చింది. 1982 నుంచి నడుస్తున్న మద్రాసు మహానగర కణితుల రిజిస్ట్రీ అదే. క్యాన్సర్ రోగి వివరాలను ఆసుపత్రులు తప్పనిసరిగా తెలియజేయాలన్న నిబంధన అప్పట్లో లేదు. అందువల్ల రిజిస్ట్రీ ఉద్యోగులే ఆసుపత్రి ఆసుపత్రికీ, ప్రయోగశాలకూ, నగరపాలక సంస్థ మరణాల నమోదు కార్యాలయానికీ వెళ్లి కేస్ షీట్లు తిరగేసి వివరాలు ఎత్తిరాసుకునేవారు. ఒకే రోగి మూడు చోట్ల చికిత్స పొంది ఉంటే మూడు చీటీలు వస్తాయి. పేరు, వయసు, భర్త పేరు, చిరునామా, జబ్బు పుట్టిన చోటు సరిచూసి ఆ మూడింటినీ ఒకటిగా కలపాలి. కలపకపోతే ఒక్క మనిషి ముగ్గురైపోతుంది.

రిజిస్ట్రీని ముత్తులక్ష్మి రెడ్డి నెలకొల్పలేదు. జబ్బుకు సరైన పేరు రాయకపోతే ఏమవుతుందో సొంత ఇంట చూసిన మనిషి కట్టించిన ఆవరణలో, లక్షల పేర్లు సరిచూసే పని జరగడం మాత్రం యాదృచ్ఛికమే అయినా అర్థవంతమైన యాదృచ్ఛికం అని ఈ వ్యాసకర్త భావన.

ఆ పని వల్ల తెలిసిన అతి ముఖ్యమైన సంగతులలో ఒకటి స్త్రీలకు సంబంధించినది. రిజిస్ట్రీ మొదలైన రోజుల్లో మద్రాసు స్త్రీలలో అన్నిటికంటె ఎక్కువగా కనిపించినది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. సంవత్సరాలు గడిచేకొద్దీ అది తగ్గుతూ వచ్చింది, రొమ్ము క్యాన్సర్ పెరుగుతూ వచ్చి దానిని దాటిపోయింది. దేశంలోని ఇతర నగరాల్లోనూ ఇదే వరస. 2022 సంవత్సరానికి అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వేసిన అంచనా ప్రకారం భారతదేశంలో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1 లక్షా 92 వేల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది, 98 వేలమందికి పైగా దానితో మరణించారు. ఈ అంకెలకు ఆధారం రిజిస్ట్రీలు. రిజిస్ట్రీలకు ఆధారం కేస్ షీట్లు. కేస్ షీటుకు ఆధారం, రద్దీగా ఉన్న ఔట్ పేషెంట్ విభాగంలో ఒక వైద్యుడు రెండు నిమిషాల్లో రాసిన నాలుగు మాటలు.

ఆ నాలుగు మాటలను సంకేతంగా మార్చే పద్ధతికీ పాత చరిత్రే ఉన్నది. ప్రపంచమంతా మరణకారణాలను ఒకే జాబితాతో లెక్కించాలని ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్తియాన్ రూపొందించిన వర్గీకరణ 1893లో ఆమోదం పొందింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ జాబితాను స్వీకరించి, 1948 నాటి ఆరవ కూర్పులో మరణాలతోపాటు బతికి ఉన్నవారి జబ్బులనూ చేర్చింది. మద్రాసులో క్యాన్సర్ నిధికి చందాలు మొదలవడానికి సరిగ్గా ఏడాది ముందటి మాట ఇది. మన ఆసుపత్రులలో విస్తృతంగా వాడుకలో ఉన్న పదవ కూర్పులో రొమ్ము క్యాన్సర్‌కు సి 50 అన్నది సంకేతం.

సంకేతం ఒక్కటే అయినా దాని వెనుక తేడాలు చాలా ఉన్నాయి. గడ్డ తగిలింది, ఇంకా ముక్క పరీక్ష కాలేదు అన్నప్పుడు ఆమెకు క్యాన్సర్ అని రాయకూడదు. అది ఎన్ 63, అంటే రొమ్ములో ఇంకా తేలని గడ్డ. బయాప్సీలో ప్రమాదం లేని కణితి అని తేలితే డి 24. క్యాన్సర్ కణాలు పాలనాళాల్లోనే ఉండి చుట్టుపక్కలకు చొచ్చుకుపోకపోతే డి 05. చొచ్చుకుపోయినప్పుడే సి 50. అందులోనూ చుక్క తరువాతి అంకె కణితి ఉన్న చోటును చెబుతుంది. చనుమొన దగ్గరైతే సున్న, పైభాగంలో బయటి వైపైతే నాలుగు, ఎక్కడో రాయకపోతే తొమ్మిది. ఎడమా కుడా అన్నది ఈ సంకేతంలో ఉండదు, విడిగా రాయాలి. చంకలోని లింఫు గ్రంథులకు పాకితే సి 77.3 అదనంగా వస్తుంది, సి 50ని తీసివేసి దాని స్థానంలో రాదు. చికిత్స పూర్తయి జబ్బు జాడ లేకుండా ఉన్నవారికి సి 50 కొనసాగించకుండా గతంలో వచ్చిన చరిత్ర అని జడ్ 85.3 వేయాలి. హార్మోన్ గ్రాహకాలు, హెర్ 2 పరీక్షల ఫలితం ఈ సంకేతాల్లో దేనిలోనూ ఇమడదు. వైద్యుడు మాటల్లో రాసి ఉంచాల్సిందే. ఏ మందు పనిచేస్తుందో నిర్ణయించేది మాత్రం ఆ ఫలితమే.

సంకేతం వేసే ఉద్యోగికి రోగి కనిపించదు, కాగితం కనిపిస్తుంది. వైద్యుడు రొమ్ము గడ్డ అని మాత్రం రాసి, బయాప్సీ నివేదిక ఫైలులో వెనుక ఎక్కడో ఉండిపోతే, ఆ ఉద్యోగి ఎన్ 63 వేసి పక్కన పెడతాడు. క్యాన్సర్ ఉన్న స్త్రీ లెక్కలో లేకుండా పోతుంది. దీనికి వ్యతిరేకమైన తప్పూ జరుగుతుంది. అనుమానం అని రాసిన చోట అనుమానాన్ని వదిలేసి క్యాన్సర్ అని సంకేతం పడితే, జబ్బు లేని స్త్రీకి ఆ ముద్ర మిగిలిపోతుంది. ఆపై బీమా దరఖాస్తు, పెళ్లి సంబంధం, ఉద్యోగపు వైద్యపరీక్ష, ఎక్కడకు వెళ్లినా ఆ ముద్ర వెంటాడగలదు. ఎముకకు పాకిన రొమ్ము క్యాన్సర్‌ను ఎముక క్యాన్సర్ అని రాస్తే రెండు లెక్కలూ చెడిపోతాయి, చికిత్స దారి కూడా తప్పవచ్చు. సుందరాంబాళ్‌కు జరిగినదానికీ వీటికీ తేడా పరిమాణంలోనే.

దీవులవారికి మరొక చిక్కు ఉన్నది. జనాభా ఆధారిత రిజిస్ట్రీ తన పరిధిలో కనీసం ఏడాదిగా నివసిస్తున్నవారినే తన లెక్కలో చేర్చుకుంటుంది. చికిత్స కోసం బయటి నుంచి వచ్చినవారు ఆసుపత్రి లెక్కలో ఉంటారు గాని నగర జనాభా లెక్కలో ఉండరు. ఇది న్యాయమైన నియమమే, లేకపోతే పెద్ద ఆసుపత్రులున్న ప్రతి నగరమూ రోగాల పుట్టగా కనిపిస్తుంది. మిన్నీ బే నుంచి వెళ్లిన స్త్రీ చెన్నైలో బంధువుల ఇంట దిగి, ఉత్తరాలు అందడానికి సులువని ఆ ఇంటి చిరునామానే ఆసుపత్రి పుస్తకంలో రాయించిందనుకుందాం. ఆమె జబ్బు అండమాన్‌ది కాకుండా చెన్నైది అవుతుంది. ఈ దీవుల్లో రొమ్ము క్యాన్సర్ ఎందరికి వస్తున్నదన్న ప్రశ్నకు ఆ మేరకు తక్కువ జవాబు వస్తుంది. ఇక్కడ యంత్రం కావాలా, వైద్యుడు కావాలా, ఏటా ఎందరిని అవతలి ఒడ్డుకు పంపవలసి వస్తున్నది అన్నవి నిర్ణయించేవారి ముందుకు వెళ్లేది ఆ తక్కువ అంకెయే.

తిరుగు ప్రయాణంలోనూ అంతే. శస్త్రచికిత్స, కొన్ని విడతల మందులు అయ్యాక ఆమె ఇంటికి వస్తుంది. తరువాతి మందు ఎప్పుడు, ఇంతవరకు ఏ మోతాదులో ఎక్కింది, ఏ వైపు రొమ్ము, ఎన్ని గ్రంథులు తీసి పరీక్షిస్తే ఎన్నింటిలో జబ్బు కనబడింది, గ్రాహకాల పరీక్షలో ఏమి వచ్చింది అన్నవి డిశ్చార్జ్ సమ్మరీలో స్పష్టంగా ఉంటే ఇక్కడి వైద్యుడు దానినే పట్టుకొని చికిత్స కొనసాగించగలడు. లేకపోతే అదే పరీక్ష మళ్లీ చేయించాలి. మళ్లీ చేయాలంటే కొన్నిసార్లు కణితి ముక్క భద్రపరచిన మైనపు దిమ్మ అవతలి ఒడ్డునే ఉంటుంది. కుటుంబంలో ఎవరో ఒకరు ఆ దిమ్మ కోసం మళ్లీ ఓడ ఎక్కవలసి రావచ్చు. రోజుకూలీకి వలలాగే వారి విషయంలో ఒక ప్రయాణం అంటే ఎన్ని రోజుల కూలీయో చెప్పనక్కరలేదు.

అందుకే క్యాన్సర్ వైద్యులు రోగులకు చెప్పే జాగ్రత్తలలో కాగితాలకు సంబంధించినవీ ఉంటాయి. బయాప్సీ నివేదిక అసలు ప్రతిని ఇవ్వకుండా నకలు ఇవ్వడం, చిరునామా దగ్గర సొంత ఊరి పేరునే రాయించడం, పేరును ఆధార్‌లో ఉన్నట్టే ప్రతిచోటా ఒకేలా చెప్పడం, డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఏ వైపు రొమ్మో, ఏ దశో, గ్రాహకాల ఫలితమేమిటో సమ్మరీలో ఉన్నదా అని అడిగి చూసుకోవడం. తెలుగు ఇళ్లలో ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనుక, ఒక చోట పొడి అక్షరంగా రాయించడం మామూలే. పెళ్లి తరువాత ఇంటిపేరు మారడం సరేసరి. రిజిస్ట్రీ ఉద్యోగికి అవి ముగ్గురు వేర్వేరు స్త్రీలుగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అడయారులో ఆనాడు పన్నెండు పడకలతో మొదలైన సంస్థ ఇప్పుడు వందల పడకలకు పెరిగింది. ముత్తులక్ష్మి రెడ్డి పేరిట తమిళనాడు ప్రభుత్వం పేద గర్భిణులకు ప్రసూతి సహాయ పథకం నడుపుతున్నది. 2019లో ఇదే తేదీన గూగుల్ తన ముఖచిత్రంపై ఆమె బొమ్మ వేసింది. సుందరాంబాళ్ బొమ్మ ఎక్కడా కనిపించదు. అక్క జీవితచరిత్రల్లో ఒకటి రెండు వాక్యాల్లో, జిగట విరేచనాలుగా పొరబడిన జబ్బుతో పోయిన చెల్లెలిగా మాత్రం ఆమె ప్రస్తావన వస్తుంది. అక్కడ మాత్రం ఆమె జబ్బు పేరు సరిగానే రాసి ఉంటుంది.